పద్నాలుగో జేబు

"కోటు లేదు గురువుగారూ!"

పెద్ద పెట్టెలో నడుము దాకా దూరి వెతుకుతున్న శిష్యుడు తల బయటికి తీసి ఆ మాట అనేసరికి మేకప్ గదిలో ఉన్న మిగతా ముగ్గురూ అతని వైపు తిరిగారు.

గోడ గడియారం ఒంటిగంట నలభై చూపిస్తోంది. నాలుగింటికి తెర లేవాలి.

"సరిగ్గా చూడు. అడుగు పలక ఎత్తావా?" కోడలు ఒక్క అంగలో పెట్టె దగ్గరికి వచ్చింది.

"అడుగు పలక, దొంగ అర, ఆ దొంగ అర కింద ఇంకో దొంగ అర, అన్నీ చూశా వదినా. గొడుగుంది, గుడ్లున్నాయి, పట్టుగుడ్డలున్నాయి. కోటొక్కటే లేదు."

ఇంద్రజాలికుడి పెట్టెలోంచి వస్తువు మాయం కావడం వింతేమీ కాదు. మాయమైంది తిరిగి రాకపోవడమే వింత.

అది మామూలు కోటు కాదు. పైన నల్ల గుడ్డ, లోపల ఎర్ర శాటిన్ లైనింగు, ఆ రెంటికీ మధ్య పద్నాలుగు రహస్యపు జేబులు. కోటు విప్పి, దులిపి, తిరగేసి ఖాళీ అని జనానికి చూపించాలి. మళ్ళీ తొడుక్కుని అందులోంచే పన్నెండు గుడ్లు, నలభై గజాల పట్టు, ఒక గొడుగు, ఆఖర్న అంచుదాకా నిండిన గాజు గ్లాసుతో మంచినీళ్ళు తీయాలి. ఆ ఆటే గురువుగారికి, అంటే కోడలి మామగారికి, పేరు తెచ్చింది. ఆ ఆటే ఆయన బృందాన్ని సముద్రాలు దాటించి, పదకొండు దేశాల వాళ్ళు తలపడుతున్న ఈ పోటీలో ఫైనల్ దాకా తెచ్చింది. కోటు లేకపోతే ఆట లేదు.

ఆ కోటు కుట్టింది కోడలు. దర్జీ కూతురు. పెళ్ళై వచ్చిన ఏడాదే పెట్టె బాధ్యత తీసుకుంది. పదకొండేళ్ళుగా పెట్టె తాళంచెవి ఆమె కొంగునే ఉంది. మెడలో తాళి తర్వాత ఒంటి మీద అంత పాతబడిన వస్తువు ఆమెకు ఇంకొకటి లేదు.

"అమ్మాయ్!" అద్దం ముందు కుర్చీలోంచి మామగారు పిలిచాడు. పొద్దుట వేసుకున్న ఓవర్‌కోటు ఇంకా విప్పలేదు. కాలరు చెవుల దాకా లేపుకుని, రెండు చేతులూ జేబుల్లో దోపుకుని కూర్చున్నాడు. హీటరు వేడికి కణతల మీద చెమట కారుతున్నా "ఈ దేశపు చలి ఎముకల్లో దూరుతోంది" అని పొద్దుట్నుంచీ అదే పాట. గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. మూడో గుండీ నాలుగో కాజాలో ఉంది. అది చూసినప్పటి నుంచీ కోడలికి వేళ్ళు దురదపెడుతున్నాయి. దర్జీ కన్ను అలాంటిది, ఇల్లు కాలుతున్నా వంకర కుట్టే కనిపిస్తుంది.

"పెట్టె సర్దింది నువ్వేగా?"

"నేనే మామయ్యా. కోటు అన్నిటికన్నా పైన పెట్టాను."

"పెట్టాననుకుంటున్నావు. బయల్దేరే హడావిడిలో ఇస్త్రీ బల్ల మీద వదిలేసుంటావు. కోటు అక్కడ, మనం ఇక్కడ."

"నాన్నా, తను అలా మర్చిపోయే మనిషి కాదు." కోడలి భర్త లైట్ల వైర్లు పక్కన పడేసి లేచాడు.

"నువ్వు నోర్ముయ్! పెళ్ళాన్ని వెనకేసుకురావడానికి ఇదా సమయం?" మామగారి గొంతు పైకప్పుకు తగిలింది. "నలభై ఏళ్ళు ఎదురుచూశాను ఈ స్టేజీ కోసం. కోడలివి కదా అని తాళంచెవి చేతికిచ్చాను చూడు, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. ఈరోజుతో సరి. ఇక ఆ పెట్టె మీద నీ చెయ్యి పడటానికి వీల్లేదు. తాళంచెవి అక్కడ పెట్టు."

కోడలు కొంగు ముడి విప్పింది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఆ చిన్న చప్పుడు ఆమెకు చెంపదెబ్బలా వినిపించింది.

అప్పుడే తలుపు తోసుకుని పోటీ నిర్వాహకురాలు వచ్చింది. మాటకు ముందు మణికట్టు మీది వాచీని టకటకలాడించే ఆ మనిషికి శిష్యుడు మొదటిరోజే 'గడియారమ్మ' అని పేరు పెట్టాడు. సంగతి విని, ఏదో గబగబా అని, ఫోను వాళ్ళవైపు తిప్పింది. ఫోను తెలుగులో పలికింది.

"మీ బృందం వస్తువు లేదు. మూడు గంటలు ముప్పై వరకు వస్తువు లేదు అయితే, మీ బృందం పేరు కొట్టివేత."

"దీని తెలుగు తగలెయ్య, అర్థం మాత్రం బాగా అయింది" అన్నాడు శిష్యుడు.

కోడలి భర్త అతన్ని పైకీ కిందికీ చూశాడు. "ఆ కోటు మీద కన్నున్నది నీకొక్కడికేరా. 'గురువుగారి తర్వాత నేనే' అని ఊరంతా చెప్పుకుంటావుగా."

"అన్నయ్యా, కడుపుకు అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

"కొట్టుకు చావండి" అంది కోడలు. "ఈలోగా నాలుగవుతుంది. నువ్వు బస్సులో వెతుకు తమ్ముడూ. మీరు ఎయిర్‌పోర్టుకు ఫోన్ చెయ్యండి. నేను హోటల్ గదులు చూసొస్తాను."

ఆమె ఎవరి జవాబూ వినకుండా మెట్లు దిగిపోయింది.

థియేటరుకీ హోటలుకీ నడుమ ఒక చిన్న మైదానం. దాని మధ్యలో ఒక చెట్టు. పొద్దుట అందరూ దాని పక్కనుంచే నడిచి వచ్చారు కానీ ఎవరి కంగారులో వాళ్ళున్నారు. ఇప్పుడు చూసింది. ఆకులకన్నా గుడ్డపేలికలే ఎక్కువ ఉన్నాయి ఆ చెట్టుకి. చొక్కాల ముక్కలు, పరదాల ముక్కలు, పసిపిల్లల జుబ్బాల ముక్కలు వేలకు వేలు కొమ్మకొమ్మకూ కట్టి ఉన్నాయి. గాలి వీస్తే చెట్టు మొత్తం గుసగుసలాడుతోంది. కింద ఒక ముసలామె పొడుగు చీపురుతో ఊడుస్తోంది.

కోడలు దాటిపోయేదే. భుజం ఎత్తులో ఉన్న కొమ్మ మీద ఎర్రగా ఏదో తళుక్కుమంది.

శాటిన్. రక్తమంత ఎరుపు.

ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. దగ్గరికి వెళ్ళి, ఆ పేలిక అంచు వేళ్ళ మధ్య తిప్పి చూసింది. అంచు పొడుగునా పసుపు దారంతో సన్నటి కుట్టు.

పద్నాలుగో జేబు కుడుతుండగా ఎర్రదారం అయిపోయింది. "ఎవరు చూడొచ్చారు, లోపలేగా" అనుకుని పసుపు దారంతో కానిచ్చేసింది. పదివేల పేలికల్లో ఉన్నా తన కుట్టు తనకు తెలియదా?

"నేను మర్చిపోలేదు!" గట్టిగానే అనేసింది. "కోటు ఈ దేశానికి వచ్చింది! నేను తెచ్చాను!"

ముసలామె ఉలిక్కిపడి చీపురు ఎత్తింది. కోడలు పేలిక ముడి మీద చెయ్యి వేసేసరికి ఆ చీపురు ఆమె మణికట్టుకు అడ్డం పడింది. ముసలామె ఏదో మందలించింది. కోడలు ఫోను తీసి, గడియారమ్మ చూపించినట్టే నొక్కి, ముందుకు చాపింది.

"విప్పవద్దు. కట్టినది చెట్టుది" అంది ఫోను. "ఇది కోరికల చెట్టు. ఏ వస్తువు గురించి కోరిక, ఆ వస్తువు ముక్క. బిడ్డకు జ్వరం, బిడ్డ చొక్కా. ఇల్లు కావాలి, ఇంటి పరదా."

"ఈ ఎర్రది ఎవరు కట్టారు అవ్వా? చూశావా?"

"చూడలేదు. నేను ఉదయం వచ్చాను, అప్పటికే ఉంది. కింద ఎర్ర దారాలు ఊడ్చాను."

అంటే కట్టినవాడి కోరిక కోటు గురించే. కోటు గురించి కోరిక కోరేంత మనిషి ఈ దేశం మొత్తంలో ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ తనవాళ్ళే.

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుని, ముడిని కళ్ళతోనే చదవడం మొదలుపెట్టింది.

శిష్యుడి ముడి ఆమెకు తెలుసు. తాళ్ళ ఆట అతనిదే. ఒంటిచేత్తో రెప్పపాటులో వేస్తాడు, గోరు కూడా దూరదు. భర్త ముడీ తెలుసు. కరెంటు వైరును మెలిపెట్టినట్టు రెండు మెలికలు వేసి నొక్కేస్తాడు, ఆయన జన్మలో ముడి వేసి ఎరగడు. ఇది ఆ రెండూ కాదు. చిన్నపిల్లలు వేసుకునేలాంటి వదులు ముడి. దానికి పైన, పేలిక పొడుగునా నాలుగుచోట్ల నలిగి సాగి ఉంది. వేసింది జారింది. మళ్ళీ వేసింది జారింది. ఐదోసారికి నిలిచింది. శాటిన్‌కు ఒక గుణముంది, పడిన ముడతను దాచుకోలేదు.

కత్తెరతో కోసిన ముక్క కూడా కాదు. పంటితో కొరికి చించింది. ఆ వేళ్ళకు కత్తెర పట్టే ఓపిక కూడా లేదన్నమాట.

వేళ్ళు మాట వినని మనిషి.

అప్పుడు ఒక్కొక్కటే వచ్చి అతుక్కున్నాయి. నాలుగో కాజాలోకి పోయిన మూడో గుండీ. పొద్దుట్నుంచీ జేబుల్లోంచి బయటికి రాని చేతులు. కొన్నాళ్ళుగా టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం. ఆర్నెల్లుగా ఏ రిహార్సల్లోనూ నీళ్ళ గ్లాసు తీయకపోవడం. "నీళ్ళు దండగెందుకమ్మా, అది నిద్రలో కూడా చేస్తాను" అంటే అది గర్వమనుకుంది, పిచ్చిమొహం! మరి చెమటలు కారుతున్నా విప్పని ఆ ఓవర్‌కోటు? శిష్యులకు ఆయన చెప్పే మొదటి పాఠమే అది. "ఏదైనా దాచాలంటే చీకట్లో దాచకండిరా, నలుగురూ చూసే చోట దాచండి."

కోడలు ముసలామెకు దణ్ణం పెట్టి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వచ్చిన దారినే పరిగెత్తింది.

మేకప్ గదిలో మామగారు ఒక్కడే ఉన్నాడు. కోడలు గడియ పెట్టింది. ప్రతి ఆట ముందూ నిలబడినట్టే ఆయన వెనక నిలబడి, భుజాల దగ్గర రెండు చేతులూ చాపింది.

"ఓవర్‌కోటు ఇవ్వండి మామయ్యా."

"చలిగా ఉందమ్మా."

"చెమటలు పోస్తున్నాయి."

అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. కోడలు ముందుకు వచ్చి, తప్పుగా పెట్టిన గుండీలు ఒకటొకటిగా విప్పింది. ఓవర్‌కోటు కింద నల్లకోటు నిగనిగలాడింది.

"పెట్టె తాళంచెవి రాత్రంతా నా కొంగునే ఉంది కదా, ఎలా తీశారు?"

"ఏ తాళానికైనా రెండోది ఉంటుంది. నీకిచ్చింది ఒకటే." ఆయన గొంతులో ఇందాకటి ఉరుము లేదు. చేతులు జేబుల్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి గాలికి ఆకుల్లా ఆడుతున్నాయి. "ఆర్నెల్లయింది. ఇద్దరు డాక్టర్లు చూశారు. మందు పనిచేసిన రోజు వేళ్ళు మాట వింటాయి, లేనిరోజు వినవు. అలాంటి మంచి రోజునే మొన్నటి రౌండు గట్టెక్కాను. కోటు పోయి ఆడలేదంటే పరువు నిలుస్తుంది. చేతులు పోయి ఆడలేదంటే ఇంకేం మిగిలింది నాకు?"

"అందుకని నా నెత్తిన పెట్టారు."

ఆయన ఒళ్ళోని చేతుల వైపు తల దించుకున్నాడు.

"మంత్రం లేదు, మహిమ లేదు, అంతా చేతివాటమే అని నలభై ఏళ్ళు మైకులో చెప్పిన మనిషి చెట్టుకెలా మొక్కారు మామయ్యా?"

"చేతివాటం పోయినవాడికి చెట్టూ దేవుడే అమ్మా."

"ఏం కోరారు?"

"ఈ కోటుకు మళ్ళీ చేతులు రావాలని."

కోడలు ఆయన ఒంటి మీంచి కోటు తీసింది. తిరగేసి చూసింది. పద్నాలుగో జేబు లైనింగు చిరిగి నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళ గ్లాసు కూర్చునే జేబు అదే. కొంగు అంచు పట్టుకుని బర్రున ఒక ముక్క చించింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి కుట్టడం మొదలుపెట్టింది. ఆరు నిమిషాల్లో పని అయ్యాక, కోటును చీర మీద తొడుక్కుంది.

"ఏం చేస్తున్నావు?"

"పోటీలో పేరు బృందానిది. మీ ఒక్కరిదీ కాదు."

"మతిపోయిందా? నువ్వు స్టేజీ ఎక్కి ఎరుగుదువా?"

"ఎక్కలేదు. కానీ ఎనిమిది నెలలు కుట్టాను. ఒక్కో జేబులో వస్తువు పెట్టి, తీసి, తగులుకుంటే విప్పి, మళ్ళీ కుట్టి, మళ్ళీ తీసి... ప్రతి జేబూ వందసార్లు చూడకుండా ఏనాడైనా మీకిచ్చానా? ఈ ఆట మీరు జనం ముందు ఆడారు, నేను వంటింటి అద్దం ముందు ఆడాను. అంతే తేడా."

మామగారు కాసేపు ఆమెను ఎగాదిగా చూశాడు. బల్ల మీది గ్లాసు చూపించాడు. "చెయ్యి."

గ్లాసు నిండా నీళ్ళు పోసి, సన్నటి రబ్బరు మూత బిగించి జేబులో దింపింది. రెండడుగులు నడిచి, వెనక్కి తిరిగి, లోపలే రెండు వేళ్ళతో మూత ఒలిచి, గ్లాసు బయటికి తీసింది. నేల మీద ఒక్క చుక్క పడలేదు.

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. నలభై ఏళ్ళ గురువు మేల్కొన్నాడు. "ఎడమ భుజం పైకి లేస్తోంది. దించు. అది లేచిందా, జనం ఆ చేతినే చూస్తారు."

"సరే."

"బయటున్న మనవాళ్ళు అడుగుతారు, కోటు తీసిందెవరని." ఆయన బల్ల మీది తాళంచెవి మెల్లగా తన జేబులో వేసుకున్నాడు. "ఏం చెప్తావు?"

"ముందు ఆట. తర్వాతే మాట."

మూడూ ఇరవైఎనిమిదికి గడియ తీసింది. గుమ్మంలో భర్త, శిష్యుడు, వాచీ పట్టుకుని గడియారమ్మ. చీర మీద నల్లకోటు తొడుక్కున్న కోడల్ని చూసి ముగ్గురూ బొమ్మలైపోయారు.

"దొరికింది" అంది. "ఎక్కడ, ఎవరు అన్నది ఆటయ్యాక. ఏవండీ, మొదటి లైటు నా కుడిచేతి మీద వెయ్యండి. తమ్ముడూ, గుడ్లు లెక్కపెట్టు."

తెర లేచింది.

పెద్ద హాలు. వెయ్యి జతల కళ్ళు. చీర కట్టి కోటు తొడుక్కున్న ఆడమనిషిని చూసి ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. కోడలు కోటు విప్పింది, దులిపింది, తిరగేసింది. ఎర్ర శాటిన్ ఖాళీగా మెరిసింది. మళ్ళీ తొడుక్కుంది.

మొదటి గుడ్డుకు నవ్వులు ఆగాయి. ఆరో గుడ్డుకు జనం ముందుకు వంగారు. పట్టు మొదలయ్యింది. ఒక రంగు వెంట ఒక రంగు, లాగిన కొద్దీ వస్తూనే ఉంది. శిష్యుడు ఆ చివర పట్టుకుని స్టేజీ ఆ మూల నుంచి ఈ మూలకు పరిగెత్తీ పరిగెత్తీ రొప్పాడు. గొడుగు విచ్చుకునేసరికి చప్పట్లు వానలా కురిశాయి.

ఇక గ్లాసు.

చెయ్యి పద్నాలుగో జేబులోకి వెళ్ళింది. మూత కదల్లేదు. కొత్తగా వేసిన ముక్క రబ్బరు అంచును కరిచిపెట్టుకుంది. ఒక క్షణం, రెండు, మూడు.

పక్కతెర చాటునుంచి లోగొంతు వినిపించింది. "భుజం."

ఎడమ భుజం దించింది. దించగానే జేబు వదులైంది. మూత ఊడింది. చెయ్యి పైకి లేచింది. లైటు వెలుగులో గ్లాసు అంచుదాకా నిండి, తొణక్కుండా, బెణక్కుండా నిలబడింది.

రిహార్సల్లో లేనిది ఒకటి చేసింది అప్పుడు. ఆ నీళ్ళు గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది.

హాలు హాలంతా లేచి నిలబడింది. పక్కతెర దగ్గర గడియారమ్మ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతోంది. వాచీ సంగతే మర్చిపోయింది.

గంట తర్వాత మొదటి బహుమతి కప్పు మేకప్ గది బల్ల మీద కూర్చుంది. శిష్యుడు దాన్ని మూడుసార్లు ముద్దు పెట్టుకుని, నాలుగోసారి ఆగాడు.

"వదినా, ఇప్పుడైనా చెప్పు. మధ్యాహ్నం నుంచీ అన్నయ్య నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నాడు. ఈ కప్పు నా గొంతు దిగట్లేదు."

"అవును, చెప్పు" అన్నాడు భర్త. "ఎవడు వాడు?"

మామగారు పెద్దగా నవ్వాడు. చేతులు మళ్ళీ జేబుల్లో ఉన్నాయి. "దొరికింది, గెలిచాం. ఇక ఎవరైతేనేం? పెళ్ళైపోయాక ముహూర్తం గురించి గొడవెందుకురా? ముందు భోజనానికి పదండి."

ఆ నవ్వు కోడలికి బాగా తెలుసు. ఒక చేతిని దాచడానికి ఇంకో చేతిని చూపించే నవ్వు. ఆమె ఊరుకోవచ్చు. పదకొండేళ్ళలో ఎన్ని మింగలేదు? ఇది కూడా మింగేస్తే పెద్దాయన పరువు దక్కుతుంది, కడుపులో ఒక రాయి పెరుగుతుంది, అంతే. కానీ ఆ రాయి శిష్యుడి నెత్తి మీద కూడా పడుతుంది. పైగా మాట పడింది నలుగురిలో.

నలుగురిలోనే లేవాలి.

అరచెయ్యి చాపింది. "తాళంచెవి మామయ్యా."

నవ్వు ఆగింది. మామగారు ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత కొడుకును, శిష్యుణ్ణి చూశాడు. మెల్లగా జేబులోంచి చెయ్యి తీశాడు. తాళంచెవి ఆ వేళ్ళ మధ్య గజ్జెలా గలగలలాడింది. ఆయన ఆ చేతిని దాచుకోలేదు. కొడుకు నోరు తెరుచుకుంది. శిష్యుడు కప్పు బల్ల మీద పెట్టేశాడు. గలగలలాడుతూనే తాళంచెవి కోడలి అరచేతిలో పడింది.

"చెప్పమ్మా" అన్నాడు మామగారు. "మధ్యాహ్నం నేను అరిచినంత గట్టిగా చెప్పు."

కోడలు చిరిగిన కొంగు చివర తాళంచెవిని ముడివేసుకుంది. బిగించి లాగి చూసుకుంది. తలెత్తింది.

"కోటు తీసింది మీరే, మామయ్యా!"